నాలుగు వందల గ్రాముల ముఖం

"రెండు వందల నలభై డ్రమ్ములు, చిన్నరాములూ. వాటిలో ఒక్కటి మనది. సాయంత్రం నాలుగింటిలోపు అదేదో తెలియాలి."

చీఫ్ ఫైలు మూశాడు. పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది, జూన్ నెల, మంగళవారం, ఉదయం ఏడున్నర. హైదరాబాదులో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం మీద ఉండేది ఆ గూఢచారి శాఖ ఆఫీసు. కింద మేస్త్రీ మిషను తొక్కి చూసినప్పుడల్లా పైన బల్ల వణికేది, ఆ వణుకుకు దేశ రహస్యాలన్నీ ఒక పక్కకు జరిగేవి. అందుకే చీఫ్ ప్రతి ఫైలు మీద ఒక తూకం రాయి పెట్టేవాడు.

"విను. నీలితేలు ముఠా మన దగ్గర ఒక ఫిల్ము దొంగిలించింది. అందులో ఒకే ఒక్క ముఖం ఉంది."

చీఫ్ ఫోటో తిప్పి చూపించాడు. చిన్నరాములు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

నరసరాజు. తొమ్మిదేళ్లుగా పరాయి దేశంలో, ఒక సైనికాధికారి ఇంట్లో వంటవాడు. కోడ్ నేమ్ ఉల్లిగడ్డ. చిన్నరాములుకు తుపాకీ పట్టడం నేర్పింది అతనే, తుపాకీ కిందపెట్టి అన్నం వార్చడం నేర్పిందీ అతనే. జ్వరం వచ్చిన రోజు తల కింద తన చొక్కా మడిచి పెట్టినవాడు. ఆ ఫిల్ము ఓడ ఎక్కిందంటే నరసరాజు బతకడు. చెప్పడానికి అంతకంటే ఏమీ లేదు.

"ఫిల్మును సీసపు డబ్బీలో పెట్టారు, ఎక్స్‌రేకు దొరక్కుండా. డబ్బీతో కలిపి బరువు నాలుగు వందల గ్రాములు. నువ్వు పనిచేసే ఫ్యాక్టరీలోనే, నిన్న, ఒక డ్రమ్ము మూత కింద దాచారు. ఏ డ్రమ్మో తెలియదు. కోర్టు మనకు ఒక్క డ్రమ్ము తెరవడానికే అనుమతి ఇచ్చింది. తప్పు డ్రమ్ము తెరిస్తే ముఠా జాగ్రత్త పడుతుంది. నాలుగింటికి లారీలు బొంబాయి రోడ్డు ఎక్కుతాయి."

"కనిపెట్టేదెట్ల సార్?"

"డ్రమ్ములు నింపినప్పటి బరువుల లిస్టు ఒకటుంది. ఈ రోజు గేటు కాంటా మీద తూచే బరువుల లిస్టు ఇంకొకటి వస్తుంది. రెండింటికీ నాలుగు వందల గ్రాముల తేడా ఎక్కడుందో అదే మన డ్రమ్ము. కంప్యూటర్ ఒక్క నిమిషంలో చెప్తుంది. మన మనిషి అక్కడే ఉంది, కంప్యూటర్ మేడం రుక్మిణి. కోడ్ మాట గుర్తుందిగా?"

"చాయ్‌లో అల్లం ఎక్కువైందా? జవాబు, లేదు, ఇలాచీ తక్కువైంది."

చీఫ్ మూడు వస్తువులు చేతిలో పెట్టాడు. ఫోటోలు తీసే కళ్లద్దాలు. మడమలో రేడియో ఉన్న చెప్పులు. మీట నొక్కితే నిద్రమత్తు పొగ చిమ్మే కలం. కంప్యూటర్‌కు పనికొచ్చే వస్తువు మాత్రం ఒక్కటీ లేదు. కానీ ఆ సంగతి అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

*

పటాన్‌చెరు దాటి లోపలికి పోతే వచ్చే మందుల ఫ్యాక్టరీ అది. గాలిలో ఎప్పుడూ మురిగిన కోడిగుడ్డు వాసన. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం అన్నం తినలేరు, రెండో వారం వాసన ఏదని అడిగితే ఏ వాసన అంటారు. ముఠా జాడ తీయడానికి చిన్నరాములు అక్కడ చేరి తొమ్మిది రోజులైంది, స్టోర్స్ గుమాస్తా వేషంలో. వేషమంటే పెద్దగా ఏం లేదు. అతనిది ఇస్మాయిల్‌ఖాన్‌పేట, ఊరి మనిషిలాగే ఉంటాడు. హెడ్డాఫీసు పెట్టిన దొంగ మీసం ఒక్కటే ఎక్కువ, చెమటకు అదీ కుడిపక్క లేచేది.

స్టోర్స్‌కు పెద్ద కాశీనాథ్ సేట్. సంగారెడ్డి గంజిలో, అంటే ధాన్యం మార్కెట్‌లో, మూడు తరాలు కొలిచిన ఇంటివాడు. దుకాణం అన్నదమ్ముల పాలైతే ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చాడు గాని, లెక్కపెట్టేటప్పుడు చేయి ఊపే తీరు మాత్రం ఇంకా మక్కజొన్నల రాశి ముందు నిలబడినట్టే ఉండేది. నలభై డ్రమ్ముల లాటు ఒకటి నింపిన రోజు మొదటి డ్రమ్ముకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, అగరొత్తి తిప్పందే రెండో డ్రమ్ము ముట్టనిచ్చేవాడు కాదు. మేనేజర్లు నవ్వి ఊరుకునేవారు.

గేటు కాంటా లిస్టు ఫ్లాపీలో రెండు గంటలకు చేతికొచ్చింది. అప్పటికే రుక్మిణి స్టోర్స్ గదికి వచ్చి కిటికీ దగ్గర నిలబడి ఉంది. నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్లద్దాలు, తెల్ల స్కూటరు తాళం వేలికి తిప్పుకుంటూ. ఆమె నడిచిన వరండాలో కాసేపు మందుల వాసన కూడా వెనక్కి తగ్గేదని హమాలీలు చెప్పుకునేవారు.

చిన్నరాములు గొంతు తగ్గించాడు. "చాయ్‌లో అల్లం ఎక్కువైందా?"

రుక్మిణి పెదవి విప్పేలోపు తలుపు దగ్గర గ్లాసులు గల్లుమన్నాయి. క్యాంటీన్ దేవమ్మ. అరవై దాటిన మనిషి, చేతిలో చాయ్ కెటిల్.

"ఏంది బిడ్డా, అల్లం ఎక్కువైందా? ఇరవై ఏండ్ల సంది పోస్తున్న. ఎవ్వడనలే గామాట. నువ్వు నిన్నగాక మొన్నొచ్చి నా చాయ్‌కు వంక వెడ్తవా?"

"నిన్ను గాదవ్వా..."

"లేదు, ఇలాచీ తక్కువైంది," అంది రుక్మిణి నిమ్మళంగా.

"గీమె ఇంకోటి!" దేవమ్మ కెటిల్ ఠపీమని బల్ల మీద పెట్టి, అలిగి గోడవారగా కూర్చుంది. అట్లా కూర్చోబట్టే ఒక మనిషి ప్రాణం నిలిచింది గాని, ఆ వేళకు చిన్నరాములు ఆమెను బయటికి పంపే ఉపాయమే ఆలోచిస్తున్నాడు.

రుక్మిణి కంప్యూటర్ ముందు వంగి టకటకా కొట్టింది.

=VLOOKUP(A2,Sheet2!A2:B241,2,0)

"చూడండి. గేటు లిస్టులో మొదటి డ్రమ్ము L4-17, నాలుగో లాటులో పదిహేడోది. దాన్ని ఫిల్లింగ్ లిస్టులో వెతికి అప్పటి బరువు తెచ్చి పక్కన పెడుతుంది. యాభై కేజీల రెండొందలు. గేటు దగ్గరా అదే. ఆ పక్క గడిలో రెంటికీ తేడా, సున్నా. ఈ రెండు గడులనూ మూలన పట్టుకుని కిందికి లాగండి. రెండు వందల నలభై వరుసలూ వచ్చేస్తాయి. సింపుల్."

"మీరే లాగరాదా మేడం?"

"నేను గేటు దగ్గర కాపలా ఉంటాను. లారీలు తొందరగా కదిలితే?" ఆమె నవ్వి వెళ్లిపోయింది. స్కూటరు చప్పుడు గేటువైపు సాగింది.

చిన్నరాములు మౌస్ పట్టాడు. ఆ చేతితో పరుగెత్తే జీపు టైరును గురి చూసి కొట్టినవాడు. ఊపిరి బిగబట్టి కిందికి లాగాడు.

మొదటి వరుస సరిగ్గా ఉంది. రెండోది ఉంది. మూడోది #N/A, అంటే దొరకలేదని. నాలుగోదీ అంతే. అయిదు బాగానే ఉంది. ఆ కింద చూస్తే ఒకటి దొరికితే నాలుగు దొరకలేదు. చివరికి వచ్చేసరికి వరుసగా అదే రాత, #N/A, #N/A, చేలో తెగులు పట్టినట్టు.

చెరిపాడు. మళ్లీ లాగాడు, ఈసారి నెమ్మదిగా. అదే రాత. వేగంగా లాగాడు. అదే. ఎడమచేత్తో లాగాడు. గోడ ఫోను ఎత్తి గేటుకు చేశాడు.

"మీ చేయి వణుకుతోందేమో," అంది రుక్మిణి. "స్థిరంగా పట్టుకోండి."

వణుకుతున్న మాట నిజమే. అతను మోచేయి బల్లకు ఆనించి, మణికట్టుకు రుమాలు కట్టుకుని లాగాడు. #N/A. మళ్లీ ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు.

రెండూ నలభై. చెప్పు విప్పి మడమ చెవికి పెట్టుకున్నాడు. దేవమ్మ అలక మరిచి నోరు తెరిచి చూస్తోంది.

"సార్, పని చేస్తలేదు."

"ఏది?"

"అదే సార్, కిందికి లాగితే వస్తలేదు."

"ఏం వస్తలేదు?"

"ఏది రావాల్నో అది."

మడమలో గరగర. "మన కంప్యూటర్ నిపుణుడు కంటి ఆపరేషన్‌కు సెలవు పెట్టాడు. పుస్తకం నా దగ్గరుంది, ఆరు వందల పేజీలు. ఏ పేజీ చూడాలి?"

ఏ పేజీ చూడాలో తెలిస్తే చెప్పు చెవికి పెట్టుకునే గతి ఎందుకు పడుతుంది?

ఇక చేతితోనే చూద్దామని రెండు లిస్టులూ ప్రింటు తీశాడు. గేటు లిస్టు లారీలో ఎక్కించిన వరుసలో ఉంది, ఫిల్లింగ్ లిస్టు నింపిన వరుసలో. ఒక్కో నంబరుకు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వేలు పెట్టి వెతకాలి. పంతొమ్మిది డ్రమ్ములు చూసేసరికి మూడూ ఇరవై. మీసం కుడిపక్క పూర్తిగా ఊడి వేలాడుతోంది. కిటికీలోంచి లారీలకు తాళ్లు బిగించడం కనబడుతోంది. ఈ వేళకు నరసరాజు ఆ పరాయి దేశపు వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ ఉంటాడు. కళ్లు తుడుచుకుంటూ. తన సంగతి తనకు తెలియదు.

చిన్నరాములు రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు. అతన్ని కట్టేసి కొట్టినవాళ్లున్నారు, నీళ్లలో ముంచినవాళ్లున్నారు. అప్పుడు ఎటు తన్నాలో తెలిసేది. ఇక్కడ తన్నడానికి ఎవరూ లేరు. ఒక పెట్టె, దానిలో ఆకుపచ్చ గీతలు.

"బిడ్డా," అంది దేవమ్మ. ఎప్పుడొచ్చిందో వెనకే నిలబడి ఉంది. "నాకు సదువు రాదు. ఒక్కమాట అడగాల్నా?"

"అడుగవ్వా."

"ఇందాక నువ్వు గీడ టిక్కుమనంగనే ఆ పక్క కాయితంల పచ్చ డబ్బా గీత వడ్డది గద. అది ఎందుకు జరుగుతున్నది?"

"ఏది జరుగుతున్నది?"

"మల్ల కొట్టు. సూడు. పై గడిల కొడితే ఆ డబ్బా పైకెల్లి మొదలువెట్టింది. కింది గడిల కొట్టు. సూసినవా? ఒక వరుస కిందికి దిగింది. ఇంక కిందికి పో. ఇంక దిగింది. మక్కలు ఆరవోసిన పట్టా లెక్క. నాలుగు మూలలకు రాళ్లు పెట్టకుంట గుంజితె పట్టా నీతోని వస్తది గద? పైనున్న మక్కలన్ని బయటవడ్డయి. ఇగ బయటవడ్డదాన్ని లోపల దేవులాడితె ఎట్ల దొరుకుతది?"

చిన్నరాములు పై గడి నొక్కి చూశాడు. A2 నుంచి B241. కింద నొక్కాడు. A3 నుంచి B242. వందో వరుస దగ్గరికొచ్చేసరికి లిస్టులో పై భాగమంతా పట్టా మీది నుంచి జారిపోయి ఉంది.

చెప్పు లాక్కున్నాడు. "సార్! కిందికి లాగినా గడి జరగకుండ ఉండాలంటే ఏం జెయ్యాలె?"

ఈసారి అడిగే మాటకు ఒక రూపం ఉంది. పేజీలు తిరిగిన చప్పుడు. "ఆ, ఉంది. గడి పేరులో అక్షరానికి ముందొకటి, అంకెకు ముందొకటి, డాలర్ గుర్తు పెడితే కదలదట. నాలుగు గుర్తులు. డాలర్లంటే పైవాళ్ల అనుమతి..."

"రాళ్లు సార్. నాలుగు రాళ్లు," అని చిన్నరాములు చెప్పు కాలికి తొడిగేశాడు.

$A$2:$B$241. పెట్టాడు. లాగాడు. సున్నా, సున్నా, సున్నా. పొలానికి నీళ్లు పారినట్టు కిందికి పారాయి సున్నాలు. అప్పుడే అతని కన్ను మరో సంగతి మీద పడింది. అదే కంప్యూటర్‌లో రుక్మిణి గుమాస్తాలకు పాఠం చెప్పిన పాత షీట్లున్నాయి. తెరిచి చూస్తే ప్రతి ఫార్ములాలో నాలుగు గుర్తులూ ఉన్నాయి. ఆమెకు తెలియక వదిలింది కాదు. మొదటి వరుస సరిగ్గా చూపించి, కింద మునిగిపొమ్మని చేతికిచ్చింది. గేటు దగ్గర కాపలా ఉన్నది లారీలను ఆపడానికి కాదు.

మూడూ నలభై ఎనిమిది. అతను చివరి వరుసదాకా దిగాడు. రెండు వందల ముప్పై నాలుగు సున్నాలు. ఒక్క గ్రాము తేడా లేదు.

ఆరు చోట్ల #N/A.

L1-1. L2-1. L3-1. L4-1. L5-1. L6-1. ప్రతి లాటులో మొదటి డ్రమ్ము. రాళ్లు పెట్టినా దొరకలేదు. ఫిల్లింగ్ లిస్టులో వెతికాడు. రెండుంది, మూడుంది, నలభై ఉంది. ఏ లాటులోనూ ఒకటి లేదు.

"ఇగ అయిపోయింది, అవ్వా," అన్నాడు చిన్నరాములు. "ఆరింట్ల ఏదో. ఒక్కటే తెరవాలె. ఇగ నాతోని కాదు."

దేవమ్మ చల్లారిన చాయ్ గ్లాసు ముందుకు జరిపింది.

కిటికీ బయట కాశీనాథ్ సేట్ చివరి లారీ ముందు నిలబడి, చేయి ఊపుతూ, పాట కట్టినట్టు లెక్కపెడుతున్నాడు.

"లాభం... రెండు... మూడు... నాలుగు..."

గ్లాసు అందుకోబోయిన చేయి ఆగిపోయింది. చిన్నప్పుడు నాయన వెంట సంగారెడ్డి గంజికి పోతే విన్న మాట. కుంచం నిండితే మొదటిదాన్ని ఎవరూ ఒకటి అనరు. లాభం అనే మొదలుపెడతారు. తాతలనాటి అలవాటు. సేట్ నోటికి ఏది వస్తే చేతికీ అదే వచ్చి ఉంటుంది.

ఫిల్లింగ్ లిస్టు మొదటి పేజీ పైభాగం చూశాడు. తొమ్మిది రోజులుగా ఎవరి పేరో అనుకుని దాటేసిన ముక్క. L1-LABHAM. సేట్ రిజిస్టరులో రాసింది రాసినట్టు ఎవరో ఎక్కించారు. గేటు కాంటావాడు గంజి మొహం చూడనివాడు, వాడు ఒకటి అనే కొట్టాడు. ఒకడి ఒకటి ఇంకొకడి లాభం. ఈ రెంటికీ చుట్టరికం ఉందని కంప్యూటర్‌కు ఎవరు చెప్పాలి?

ఆరు గడులు దిద్దాడు. లాభం, లాభం, లాభం.

సున్నా. సున్నా. 0.4. గేటు లిస్టులో దాని పక్కనే లారీ నంబరు, మూడు.

"మూడో లాటు! మూడో లారీ!"

*

గేటు దగ్గరికి చేరేసరికి మొదటి రెండు లారీలు రోడ్డెక్కాయి. మూడోదాని ముందు చక్రాలు గేటు దాటుతున్నాయి. డ్రైవర్ ఎల్లయ్య స్టీరింగ్ తిప్పుతున్నాడు. పక్కనే స్కూటరు మీద రుక్మిణి, నల్ల కళ్లద్దాలు తలమీదికి నెట్టి.

"ఆపు! లారీ ఆపు!" చిన్నరాములు అరుపు ఇంజను మోతలో కలిసిపోయింది. గేటు మూయడానికి కాపలావాడు ఇనుప కమ్మీ పట్టుకున్నాడు. చిన్నరాములు కలం తీసి రుక్మిణివైపు గురిపెట్టి మీట నొక్కాడు. గాలి ఎదురు తిరిగింది. కాపలావాడు కమ్మీ వదిలి, ఆవులించి, స్టూలు మీద మెల్లగా ఒరిగిపోయాడు.

రుక్మిణి నవ్వింది. "గుడ్‌బై, మిస్టర్ చిన్నరాములు. మీ ఉల్లిగడ్డకు నా నమస్కారాలు."

చిన్నరాములు చేతిలో ఖాళీ కలం. వెనక చక్రాలు కదులుతున్నాయి. కళ్లద్దాల్లో కెమెరా మాత్రం టిక్కుటిక్కుమని ఫోటోలు తీస్తూనే ఉంది, చేజారుతున్న లారీవి.

"ఓ ఎల్లయ్యా!"

ఇరవై ఏళ్లు హమాలీలను చాయ్‌కి పిలిచిన గొంతు అది. దేవమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వస్తోంది. "ఏడికి పోతున్నవ్‌రా? నీ లాభం డ్రమ్ముకు బొట్టు చెరిగింది!"

లారీ కీచుమని ఆగింది. ఎల్లయ్య ఇంజను కట్టేశాడు. తాళం చెవి ఊడబెరికి జేబులో వేసుకున్నాడు.

"అయ్యో, చెప్పవేం అవ్వా. పోయినసారి బొట్టు లేకుంటనే తోలిన. జహీరాబాద్ కాడ యాక్సిల్ ఇరిగింది."

"నడుపు!" రుక్మిణి కేక వేసింది. "షిప్ టైమ్ అయిపోతుంది. నాన్సెన్స్!"

"నువ్వు తోలుకో అమ్మా. నాకిద్దరు పిల్లలు."

కాశీనాథ్ సేట్ పసుపు పళ్లెంతో పరుగెత్తుకొచ్చాడు, మొహం ఎర్రగా చేసుకుని. "శుక్రవారం నా చేత్తోని పెట్టిన. ఎవడు చెరిపిండు?" లారీ ఎక్కి డ్రమ్ము దగ్గర వంగినవాడు అట్లాగే ఆగిపోయాడు. మూత అంచు మీదినుంచి డ్రమ్ము ఒంటి మీదికి రాసిన పసుపు రెండు ముక్కలై ఉంది. మూత మీది సగం ఒక పక్క, ఒంటి మీది సగం ఇంకో పక్క. ఎవరో విప్పి, తిప్పి, వంకరగా బిగించారు.

చిన్నరాములు కోర్టు కాగితం చూపించి మూత తెరిచాడు. సీసపు డబ్బీ. అందులో వేలెడంత ఫిల్ము. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గరిటె చేతిలో పట్టుకుని నరసరాజు. నవ్వుతున్నాడు.

రుక్మిణి స్కూటరు తిప్పింది. ఎటు తిప్పినా లారీయే. గేటులో అడ్డంగా నిలిచిపోయింది, తాళం ఎల్లయ్య జేబులో ఉంది, ఎల్లయ్య బొట్టు ఆరేదాకా కదలనంటున్నాడు.

పోలీసు జీపు వచ్చి వెళ్లాక చిన్నరాములు క్యాంటీన్ బల్ల మీద కూలబడ్డాడు.

"అవ్వా, బొట్టు చెరిగిందని నీకెప్పుడు ఎరుక?"

"పొద్దుగాల్నే. హమాలీలకు చాయ్ పొయ్యవోయినప్పుడు సూసిన."

"పొద్దుగాల్నా! మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు బరువు దేవులాడుతున్నవు బిడ్డా. బొట్టు సంగతి అడిగినవా?" దేవమ్మ గ్లాసు నింపింది. "తాగు. అల్లం తక్కువనే ఏసిన."

మడమ గరగరలాడింది. చిన్నరాములు చెప్పు చెవికి పెట్టుకున్నాడు.

"శభాష్!" అన్నాడు చీఫ్. "ఉల్లిగడ్డ క్షేమం. పైవాళ్లు చాలా సంతోషించారు. డ్రమ్ము ఎట్లా దొరికిందో రిపోర్టు కావాలట. కంప్యూటర్‌లోనే చెయ్యి. ఫార్ములా మొదటి వరుసలో రాసి, కిందికి లాగితే చాలు."